గోడమీది చీటీలు

చదువుకు పేరు నమోదు చేసుకోవడం వేరు, చదవడం వేరు. ఈ భేదం బళ్ళు పుట్టిననాటినుండీ ఉన్నదే గాని, ఆన్‌లైన్ పాఠాలు వచ్చిన తరువాత అది మునుపెన్నడూ లేనంత పెద్దదయింది. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కృత్రిమ మేధపై బోధించిన పాఠాలను ఇంటర్నెట్ ద్వారా అందరికీ ఉచితంగా తెరచినప్పుడు సుమారు 1,60,000 మంది చేరారు. మరుసటి సంవత్సరమే కోర్సెరా, ఎడెక్స్ సంస్థలు వెలిశాయి. ఇక విశ్వవిద్యాలయాల గోడలు కూలిపోయినట్లేనని పలువురు సంబరపడ్డారు. ఆ సంబరం ఎంతవరకు నిలిచిందో 2019 జనవరిలో 'సైన్స్' పత్రికలో వెలువడిన ఒక పరిశీలన తేల్చి చెప్పింది. హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు ఎడెక్స్ ద్వారా నడిపిన పాఠ్యక్రమాలలో పేరు నమోదు చేసుకున్నవారిలో 52 శాతం మంది అసలు పాఠాల గడప తొక్కనే లేదు. 2017-18లో ఆద్యంతం పూర్తిచేసినవారు 3.13 శాతం. రుసుము చెల్లించి ధ్రువపత్రం కోరినవారిలో మాత్రం ఈ సంఖ్య 46 శాతానికి పెరిగింది.

ఈ చివరి అంకె దగ్గర కొంచెం ఆగాలి. డబ్బు కట్టినవాడు శ్రద్ధగా చదువుతాడన్న లోకోక్తిని ఇది బలపరుస్తున్నట్లే కనిపిస్తుంది. కాని అదే అంకెను తిరగవేసి చూస్తే, డబ్బు కట్టినవారిలో కూడా సగానికి పైగా మధ్యలోనే మిగిలిపోయారన్నమాట. పెద్ద సంస్థలకు ఇదొక లెక్క. ఊళ్ళో ఒక గదిలో కూర్చుని నలభై, అరవై మందికి పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయులకు ఇది పరువుప్రతిష్ఠల సమస్య.

దూరవిద్య మనకు కొత్త కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనే ఉత్తరాల ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1991నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది. ఆ రోజుల్లో పాఠాల కట్ట టపాలో ఇంటికి వచ్చేది. చదవకపోయినా బల్లమీద కట్ట కట్టుగా కనిపిస్తూ మనస్సును గుచ్చేది. ఆన్‌లైన్ పాఠానికి ఆ శరీరం లేదు. విద్యార్థి రాకపోతే ఖాళీ బెంచీ కూడా కనిపించదు. కనిపించనిదానిని కనిపించేటట్లు చేయడమెట్లా అన్నదే అసలు సమస్య. దీనికి కొందరు పట్టుకున్న ఉపాయం జపాను కార్ల కర్మాగారంనుండి వచ్చింది.

'కాన్‌బాన్' అనే జపాను మాటకు అంగడి ముందు వ్రేలాడదీసే పేరుపలక అని అర్థం. టొయోటా కర్మాగారంలో పనిచేసిన తాయిచీ ఓనో (1912-1990) ఈ మాటకు కొత్త ప్రాణం పోశాడు. అమెరికాలోని సూపర్‌మార్కెట్ల సంగతి విని ఆయన ఆలోచనలో పడ్డాడు. అక్కడ అలమరలోని సరుకును కొనేవాడు తీసుకుపోతాడు. ఎంత ఖాళీ అయిందో అంతే తిరిగి నింపుతారు. కర్మాగారంలో ముందుగదివాడు తనకు తోచినన్ని భాగాలు చేసి తరువాతి గదిలోకి తోసివేసే బదులు, తరువాతి గదివాడే వచ్చి తనకు కావలసినన్ని తీసుకుపోతే ఎట్లా ఉంటుంది? 1953లో యంత్రవిభాగంలో ఈ పద్ధతిని అమలుచేశాడు. 1956లో అమెరికా వెళ్ళి సూపర్‌మార్కెట్లను కళ్ళారా చూచాడు. 1962 నాటికి కాన్‌బాన్ సంస్థ అంతటా వ్యాపించింది.

ఆ కాన్‌బాన్ చూడబోతే ఎంతో సాదా వస్తువు. ప్లాస్టిక్ సంచిలో పెట్టిన ఒక కాగితపు చీటీ. ఏ భాగం కావాలి, ఎన్ని కావాలి, ఎక్కడికి చేర్చాలి అనేది దానిమీద ఉంటుంది. సరుకుపెట్టెతోపాటు చీటీ ప్రయాణం చేస్తుంది. సరుకు వాడకంలోకి రాగానే చీటీ వెనక్కు వెళుతుంది. చీటీ లేనిదే ఏదీ తయారు చేయరాదు, ఏదీ కదలరాదు. లోపమున్న వస్తువును తరువాతి గదికి పంపరాదు. అన్నిటికన్న విచిత్రమైన నియమం మరొకటి ఉంది: చీటీల సంఖ్యను క్రమంగా తగ్గిస్తూ పోవాలి. చీటీలు తగ్గినకొద్దీ నిలవ సరుకు తగ్గుతుంది. నిలవ తగ్గినకొద్దీ, దాని చాటున ఇంతకాలం దాగిన లోపాలు బయటపడతాయి. వేసవిలో చెరువు ఎండితే అడుగున రాళ్ళు తేలినట్లు.

మన దేశంలో రైలు ప్రయాణం చేసినవారికి ఈ సూత్రం పరాయిది కాదు. ఒంటిలైను మార్గాలలో స్టేషను దాటే రైలు డ్రైవరుకు బెత్తపు చక్రానికి తగిలించిన తోలుసంచిని అందించే దృశ్యం పాతతరం వారందరికీ పరిచితమే. ఆ సంచిలో నీల్స్ యంత్రంనుండి తీసిన లోహపు గోళం ఉండేది. రెండు స్టేషన్లలోని యంత్రాలకూ విద్యుత్ సంబంధం ఉండడంవలన, బయటికి తీసిన ఒక గోళం తిరిగి యంత్రంలో పడేవరకు రెండవ గోళం ఏ స్టేషనులోనూ ఊడిరాదు. గోళం చేతికి రానిదే రైలు కదలదు. ఒక మార్గఖండంలో ఒకే రైలు ఉంటుంది. ఓనోగారి చీటీకి ఇది పెద్దన్న వంటిదని నా అభిప్రాయం. కాకపోతే ఇక్కడ పరిమితి మీరితే పోయేవి ప్రాణాలు.

కర్మాగారపు చీటీ కంప్యూటరు తెరమీదికి వచ్చిన కథను త్వరగా ముగించవచ్చు. ఈ శతాబ్ది మొదటి దశాబ్దంలో డేవిడ్ ఆండర్సన్ మొదలైనవారు సాఫ్ట్‌వేర్ నిర్మాణంలో దీనిని ప్రవేశపెట్టారు. ఆయన గ్రంథం 2010లో వెలువడింది. 2011లో ట్రెల్లో అనే ఉపకరణం వచ్చి, నిలువు గడులు గీసిన తెరమీద చీటీలను వ్రేలితో ఒక గడినుండి మరొక గడికి జరిపే సౌకర్యాన్ని సామాన్యులకు కల్పించింది. 2017లో అట్లాసియన్ సంస్థ దానిని 42.5 కోట్ల డాలర్లకు కొన్నది. నేడు ఇటువంటి ఉపకరణాలు పెక్కు ఉన్నాయి. పెళ్ళిపనులు మొదలు పత్రికా ప్రచురణవరకు అన్నిటికీ వాడుతున్నారు.

విజయవాడలో నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయిని పట్టభద్రులైన యువతీయువకులకు ట్యాలీమీద లెక్కలు వ్రాయడం, జీఎస్టీ పత్రాలు నింపడం ఆన్‌లైన్‌లో నేర్పుతారు. ఆరునెలల పాఠ్యక్రమం, నెలకు 500 రూపాయల చొప్పున రుసుము మొత్తం 3,000. చేరేవారిలో అధికసంఖ్యాకులు చిన్న ఊళ్ళవారు, అందులోనూ ఆడపిల్లలు. ఈ చదువు పూర్తయితే ఏ ఎరువుల దుకాణంలోనో, రైస్ మిల్లులోనో, ఆడిటరు దగ్గరనో గుమస్తా ఉద్యోగం దొరుకుతుందని వారి ఆశ. ఆవిడ సభ్యుల వివరాల కోసం కొన్న ఉపకరణంతో ఆంగ్లంలో ఒక సూచనల పుస్తకం వచ్చింది. సహాయకులకు అర్థమయ్యేటట్లు దానిని తెలుగులో వ్రాసిపెట్టే పని నాకు అప్పగించారు.

ఆ పుస్తకంలో నమూనాగా ఇచ్చిన పలకలో నాలుగు గడులున్నాయి: ఆసక్తి చూపినవారు, మాటలు సాగుతున్నవారు, రుసుము చెల్లించినవారు, అయిపోయింది. అనువాదకులకు కొన్ని మాటల దగ్గర కలం కదలదు. 'అయిపోయింది' అన్నచోట నాకట్లాగే అయింది. ఏమి అయిపోయింది? ఎవరికి? అమ్మేవాడి దృష్టిలో డబ్బు ముట్టగానే పని ముగిసింది. చదవవలసిన పిల్లకు అప్పటికింకా మొదలే కాలేదు. ఆ పలక గీసినవారు దురాశాపరులని అనలేను. వారు దుకాణాలకోసం గీసిన పలకను బడికి అంటగట్టారు, అంతే. కాని బడి నడిపేవారు ఆ తేడా గమనించకపోతే, పలక ఎంత అందంగా ఉన్నా అది చూపించేది రాబడినే.

మరొక మాట 'చర్న్'. సభ్యత్వం మానుకునేవారి రాకపోకలకు వ్యాపారప్రపంచంలో ఆ పేరు. ఆంగ్లంలో దీనికి కవ్వంతో చిలకడమనే అర్థం కూడా ఉంది. మన ఇళ్ళలో చిలికితే వెన్న వస్తుంది; ఇక్కడ చిలికిన కొద్దీ మజ్జిగ కూడా మిగలదు. దానిని 'మానివేసినవారు' అని వ్రాయబోయి, ఆవిడ అభ్యంతరం మీద 'ఆగినవారు' అని మార్చాను. మానివేసినవారికి ఎవరూ ఫోను చేయరు. ఆగినవారికైతే ఎందుకాగారని అడగవచ్చునని ఆవిడ వాదం. సహాయకులు చీటీని ఆ గడిలోకి జరిపే ప్రతిసారీ ఆ మాటే చదువుతారు గనుక, ఈ పట్టింపు చాదస్తం కాదనుకుంటాను.

ఇప్పుడు ఆవిడ పలకలో చెల్లింపు తరువాత కూడా గడులున్నాయి. పాఠం తెరవనివారు, నడుస్తున్నవారు, దిద్దుబాటుకు ఎదురుచూస్తున్నవారు, చెల్లింపు తప్పినవారు, ఆగినవారు, గడువు దగ్గరపడినవారు, పూర్తిచేసినవారు. ప్రతి చీటీమీద చేరిన తేదీ, సభ్యత్వం ముగిసే తేదీ, చివరిసారి పాఠం తెరచిన తేదీ, ఎన్నవ అభ్యాసంలో ఉన్నదీ వ్రాసి ఉంటుంది. పదిరోజులు పాఠం తెరవకపోతే చీటీ 'ఆగినవారు' గడిలోకి వెళుతుంది. రెండురోజులలోగా ఎవరో ఒకరు ఫోను చేసి, తెలిసిన కారణాన్ని చీటీమీద వ్రాయాలి. ఆ గడిలో ఉన్నన్ని రోజులు, అరవైకి మించకుండా, సభ్యత్వపు గడువు లెక్కలోకి రాదు. పోస్టాఫీసులో ఉత్తరాలు నిలిపి ఉంచమని కోరినట్లన్నమాట.

కారణాలు వింటే లోకం తెలుస్తుంది. ఒక అమ్మాయి చదివే ఫోను అన్నగారిది. ఆయన పనికోసం హైదరాబాదు వెళుతూ పట్టుకుపోయాడు. మరొకామెకు ప్రసవం. ఒకరికి డిగ్రీలో తప్పిన పరీక్ష మళ్ళీ వచ్చింది. మిరపకోతల రోజుల్లో గుంటూరు వైపు పిల్లలు కొందరు ఒక్కసారిగా ఆగిపోతారు. వారికి కూలి ముఖ్యం, పైగా ఆ కూలితోనే ఈ రుసుము. వీరెవ్వరూ చదువు వద్దనుకున్నవారు కారు. పలక లేని రోజుల్లో వీరందరూ ఒకే జాబితాలో 'గడువు తీరినవారు'గా కలిసిపోయేవారు.

చెల్లింపు సంగతి వేరే చెప్పాలి. నెలనెలా ఖాతానుండి సొమ్ము తనంతట తాను చెల్లింపయ్యే ఏర్పాటుకు రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1నుండి కట్టుదిట్టమైన నియమాలు అమలు చేసింది. సొమ్ము తీసేందుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు తెలియజేయాలి. ప్రతిసారీ విడిగా ధ్రువీకరణ అక్కరలేని మొత్తాన్ని 2022 జూన్‌లో 5,000నుండి 15,000 రూపాయలకు పెంచారు. ఇవి ఖాతాదారుకు రక్షణ కల్పించే నియమాలే. కాని ఖాతాలో ఆ ఉదయం 480 రూపాయలుంటే 500 రూపాయల చెల్లింపు తప్పుతుంది. యంత్రానికి ఇరవై రూపాయల కొరతకూ, ఇక చదవదలచుకోలేదన్న నిర్ణయానికీ తేడా తెలియదు. రెండింటికీ ఒకటే శిక్ష వేస్తుంది: పాఠాల తలుపు మూత. మరునాడు సాయంత్రం ఆ పిల్ల అభ్యాసం తెరవబోతే 'మీ సభ్యత్వం ముగిసినది' అని తెరమీద పడుతుంది. ఎవరిని అడగాలో తెలియక, అడగడానికి మొగమాటపడి, అంతటితో ఊరుకునేవారెందరో! ఆవిడ పలకలో 'చెల్లింపు తప్పినవారు' అని ప్రత్యేకమైన గడి ఉన్నది ఇందుకే. ఆ గడిలో వారంరోజులపాటు తలుపు తెరచే ఉంటుంది.

ఇంతకన్న పెద్ద చిక్కు ఆవిడ దిద్దుబాటు బల్ల దగ్గర తేలింది. పాఠ్యక్రమంలో పది అభ్యాసాలు. ఒకటి దిద్ది ఇస్తేగాని రెండవది మొదలుపెట్టరాదు. ఆవిడ ఎంత శ్రమపడినా వారానికి ఇరవై కన్న ఎక్కువ దిద్దలేరు. చేరినవారు అరవైమంది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు నిరూపించిన సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: లోపల ఉన్నవారి సంఖ్యను, వారానికి బయటపడే సంఖ్యతో భాగిస్తే, సగటున ఒక్కొక్కరికి పట్టే కాలం వస్తుంది. అరవైని ఇరవైతో భాగిస్తే మూడు. అంటే ఒక అభ్యాసం గట్టెక్కడానికి మూడు వారాలు, పదింటికి ముప్ఫై వారాలు. సభ్యత్వం ఆరునెలలు, అనగా ఇరవైయారు వారాలు. ఎంత బుద్ధిమంతురాలైన విద్యార్థిని అయినా గడువులోగా పూర్తిచేయడం సగటున అసాధ్యం. ఆ లోపం పిల్లలది కాదు, లెక్కది. 'దిద్దుబాటుకు ఎదురుచూస్తున్నవారు' గడిలో చీటీలు కిందికంటా పేరుకుపోయి, తక్కిన గడులు బోసిగా ఉండడం చూచేవరకు ఆ లెక్క ఎవరి ఊహకూ రాలేదు.

దీనికి ఓనోగారి విరుగుడు ఒకటే: చీటీలు తగ్గించడం. నలభైమందికి మించి లోపలికి తీసుకోకపోతే ఒక అభ్యాసానికి రెండు వారాలు, పదింటికి ఇరవై. ఆరు వారాలు చేతిలో మిగులుతాయి. కాని ఇరవైమందిని వాకిట నిలబెట్టడమంటే ఆరునెలలకు 60,000 రూపాయలు వదులుకోవడం. ఇంటి అద్దె, కొడుకు కాలేజీ ఫీజు ఈ రాబడిమీదనే ఆధారపడిన మనిషికి ఇది చిన్న మాట కాదు. ఇంట్లో వాదప్రతివాదాలు జరిగాయనే విన్నాను. రుసుము తీసుకోకుండా 'వేచి ఉన్నవారు' అని ఒక గడి గీసి, ఆవిడ సంఖ్యను నలభైకి దించారు. తరువాత, పూర్తిచేసినవారిలో ఒకరికి కొంత పైకమిచ్చి వారానికి అయిదు అభ్యాసాలు దిద్దే పని అప్పగించారు. పరిమితి యాభైకి పెరిగింది. ఆ పది చీటీల రుసుములో కొంత దిద్దినవారికి పోయినా, వదులుకున్నదానిలో కొంత తిరిగి వచ్చింది.

ఇక్కడే చాలా పలకలు దారి తప్పుతున్నాయని నా నమ్మకం. గడులూ, చీటీలూ, రంగులూ టొయోటానుండి తెచ్చుకున్నారు. పరిమితిని అక్కడే వదిలేసి వచ్చారు. లాగడమనేది కాన్‌బాన్‌కు ప్రాణం. చదివినవాడు తరువాతి పాఠాన్ని తానే లాక్కోవాలి. దిద్దేవారు ఖాళీ అయినప్పుడు తరువాతి కాగితాన్ని లాక్కోవాలి. అట్లాకాక, రోజూ ఉదయం పది జ్ఞాపికలు పంపి పిల్లలను ముందుకు తోసే ఏర్పాటుకు ఆ పేరు పెట్టడం, ఎద్దులు లేని బండికి మైలురాళ్ళు చూపించడం వంటిది.

మనిషిని చీటీగా మార్చడం నాకంతగా రుచించదు. టొయోటాలో చీటీ వెంట పోయినవి మరలు, గేర్లు. ఈ విషయమై ఆవిడతో ముచ్చటించినప్పుడు, చీటీ విద్యార్థిని కాదనీ, ఆ విద్యార్థినికి మనం బాకీపడిన పని అనీ చెప్పారు. నిజమే. 'ఏడవ అభ్యాసం దిద్ది ఇవ్వాలి', 'ఫోను చేయాలి', 'గడువు పదిరోజులు పొడిగించాలి' అన్న వాక్యాలే చీటీమీద పైన కనిపిస్తాయి. పేర్లకు బదులు సంఖ్యలున్నాయి. సహాయకుల తెరలమీద, వచ్చేపోయేవారి కళ్ళముందు ఎవరి ఖాతాలో డబ్బు లేదో, ఎవరికి ప్రసవమయిందో పేరుతో సహా ప్రదర్శించడం మర్యాద కాదు. పైగా 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒకరి వివరాలను ఏ పనికోసం తీసుకున్నామో ఆ పనికి మాత్రమే వాడాలంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయంలో తల్లిదండ్రుల అనుమతిని రూఢిచేసుకోవాలని కూడా విధించింది. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేవారు దీనిని ముందుగానే గమనించడం మేలు.

ఉపకరణం కొనాలా అక్కరలేదా అని అడిగేవారికి నా సలహా క్లుప్తం. ముప్ఫై, నలభై మందివరకు గోడా, రంగుకాగితాలూ, గుండుసూదులూ సరిపోతాయి. సంఖ్య వంద దాటినప్పుడు, లేదా సహాయకులు వేరువేరు ఊళ్ళలో ఉన్నప్పుడు తెర తప్పదు. తెరమీద చీటీ జరపడం సులువు గనుక జరిపినవారికి గుర్తుండదు. కాగితాన్ని పీకి గుచ్చినవారికి గుర్తుంటుంది. అందుకే కాబోలు, ఆవిడ ఉపకరణం ఉన్నప్పటికీ 'ఆగినవారు' గడిని మాత్రం బల్ల ఎదుటి గోడమీద కాగితాలతో కూడా ఉంచుకున్నారు.

ఈ వ్యాసం వ్రాస్తున్న వారంలో ఆ గోడమీద తొమ్మిది చీటీలున్నాయి. ఆరింటిమీద కారణం వ్రాసి ఉంది. తక్కిన మూడింటి నంబర్లకు రోజూ సాయంత్రం ఏడుగంటలకు ఫోను చేస్తున్నారు. ఇంకా ఎవరూ ఎత్తలేదు.